అక్టోబరు రాత్రుల భయం: చీటీలా, పాచికలా, నాకౌటా, బింగోనా?

అక్టోబరు రాత్రుల్లో ఏ దెయ్యాల సినిమా చూడాలన్నది వాదనతో కాక ఆటతో తేల్చుకోవాలంటే దారులు నాలుగు. శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చునేవాళ్లలో ఒక్కరికైనా దెయ్యాల సినిమా అంటే నిజంగా భయం ఉంటే చీటీలు వేయండి. అందరూ ఆ సినిమాల్లో ఆరితేరినవాళ్లే అయి, వాదించుకోవడమే సరదా అనుకుంటే నాకౌట్ పెట్టుకోండి. నెలంతా సాగే ఆట కావాలంటే బింగో కార్డు గీసుకోండి. ఉన్నది ఇద్దరే అయితే రెండు పాచికలు చాలు. నా సలహా మొత్తం ఇంతే. కానీ ఈ నాలుగింటిలో ఏది ఎక్కడ దెబ్బతింటుందో తెలియకుండా మొదలుపెడితే రెండో వారానికే ఆట మూలన పడుతుంది. అందుకే వివరంగా చెబుతాను.

మేం ఉండేది టెక్సస్‌లో. అక్టోబరు వచ్చేసరికి, నెలాఖరున వచ్చే హాలోవీన్ అనే దెయ్యాల పండగ కోసం మా వీధిలో గడప గడపకూ గుమ్మడికాయలు, పచ్చిక మీద అస్థిపంజరాలు, చెట్లకు దూది సాలెగూళ్లు వెలుస్తాయి. పిల్లలు బడి నుంచి వేషాల కబుర్లతోనే ఇంటికి వస్తారు. ఆ వాతావరణంలోంచే మా శుక్రవారం సినిమా అలవాటు పుట్టింది. మేం, అన్నయ్య కుటుంబం కలిసి చూస్తాం. మొదటి ఏడాది మాకు పద్ధతంటూ ఏదీ లేదు. రిమోట్ చేతులు మారుతుండేది, ఒకరు చూపిన పోస్టరును మరొకరు వద్దనేవారు, ముప్పావు గంట గడిచాక గట్టిగా మాట్లాడగలిగినవారి మాట నెగ్గేది. మూడో శుక్రవారం నుంచి మా వదిన సరిగ్గా సినిమా మొదలయ్యే వేళకు ‘పిల్లల్ని పడుకోబెట్టి వస్తాను’ అని మేడ మీదికి వెళ్లేది. మళ్లీ దిగి వచ్చేది కాదు. ఆమె వెళ్లడానికి కారణం భయమని, ఆ మాట అందరి ముందూ చెప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదని నాకు అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి ప్రతి అక్టోబరులోనూ ఒక్కో ఆటను ప్రయత్నిస్తూ వచ్చాం.

ఆట చేసే పెద్ద మేలు ఒకటుంది. నిర్ణయాన్ని గొంతు పెద్దదైనవారి చేతిలోంచి తీసి బుట్టకో పాచికకో అప్పగిస్తుంది. అయితే ఎవరు దేనికి భయపడతారో బుట్టకు తెలియదు. కాబట్టి ఆట మొదలుకాక ముందే, ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడే మనిషి హద్దు గీయాలి. ఆ హద్దు లోపలే ఆట నడవాలి. కింద చెప్పబోయే ప్రతి పద్ధతినీ నేను ఈ ఒక్క తూకంతోనే తూస్తాను.

ముందు హద్దు, తర్వాతే ఆట

సెప్టెంబరు చివరి వారంలో ఒక డబ్బా పెట్టండి. ప్రతివారూ తెర మీద చూడలేనివి ఒకటో రెండో, తమ పేరు లేకుండా, కాగితం మీద రాసి అందులో వేస్తారు. మా ఇంట్లో వచ్చినవి ఇవి: పసిపిల్లలకు హాని, పూనకం, కంటికి గాయం, నీళ్లలో మునిగిపోవడం. ఎవరు రాశారని గానీ, ఎందుకని గానీ అడగకూడదు. ఆ అంశాలున్న సినిమాలు జాబితాలోకే రావు.

చూడని సినిమాలో ఏముందో ముందే ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. ‘డజ్ ద డాగ్ డై’ అనే వెబ్‌సైటు అందుకే ఉంది. సినిమాలో కుక్క చనిపోతుందా అన్న ప్రశ్న పేరు మీద వెలసిన ఆ వెబ్‌సైటులో ఇప్పుడు ఇలాంటి ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. చూసినవాళ్లే అవును, కాదు అని సమాధానాలు పెడతారు. కథ తెలిసిపోకుండా జాబితా వడపోయడానికి ఇంతకంటే పనికొచ్చేది నాకు కనిపించలేదు. జాబితా తయారుచేసే ఒక్కరే దాన్ని చూస్తే మిగిలినవాళ్లకు సినిమా కొత్తగానే ఉంటుంది.

సినిమా ఏ వయసువారికి తగునో చెప్పే రేటింగును చూసి ధైర్యం తెచ్చుకోకండి, ముఖ్యంగా పాత సినిమాల విషయంలో. పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను గట్టిగా హెచ్చరించే పీజీ-13 అనే మెట్టు అమెరికాలో 1984లో వచ్చింది. అంతకు ముందు పిల్లల సినిమాకూ పెద్దల సినిమాకూ నడుమ ఉన్నదంతా పీజీ, అంటే తల్లిదండ్రుల సలహాతో పిల్లలు చూడవచ్చు అన్న గంపలోనే పడేది. 1975 నాటి ‘జాస్’కు పీజీయే, 1982 నాటి ‘పోల్టర్‌గైస్ట్’కూ పీజీయే. ఆ రెండింటినీ తొమ్మిదేళ్ల పిల్లల ముందు పెట్టి ‘పీజీ అని రాసి ఉందిగా’ అనుకుంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఇంకా వెనక్కి వెళ్తే అసలు రేటింగులే లేవు. జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ 1968 అక్టోబరులో థియేటర్లకు వచ్చింది. రేటింగ్ పద్ధతి అమల్లోకి వచ్చింది ఆ ఏడాది నవంబరు 1న. మామూలు రాక్షసుల సినిమా అనుకుని వచ్చిన చిన్నపిల్లలు ఆ హాల్లో ఎలా బిగుసుకుపోయారో, ఎలా ఏడ్చారో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ రాశారు. పిల్లలున్న ఇంట్లో ఈ జాబితా తయారుచేసే ప్రతివారూ ఆ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.

తెలుగు సినిమాలను కలుపుకునేవాళ్లకు ఇంకో మాట. భారతదేశంలో యూఏ వర్గాన్ని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టింది 2024లోనే. అంతకు ముందు వచ్చినవాటి మీద ఉండే యూఏ అన్న రెండక్షరాలు వయసు గురించి దాదాపు ఏమీ చెప్పవు. నిడివి కూడా చూసుకోవాలి. ‘మసూద’ లాంటిది రెండున్నర గంటలు దాటుతుంది. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాలనుకుని తొమ్మిదిన్నరకు మొదలుపెట్టే ఇళ్లలో అది అర్ధరాత్రి సినిమాయే.

హద్దు కాగితంలో తేదీలు కూడా ఉండవచ్చు. దసరా నవరాత్రులు చాలాసార్లు అక్టోబరులోనే వస్తాయి. మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడాది ఆ తొమ్మిది రాత్రులూ ఇంట్లో దెయ్యాల సినిమా వద్దంది. అమ్మకు సినిమా భయం లేదు. దీపం వెలుగుతున్న ఇంట్లో అది తగదని ఆమె నమ్మకం, అంతే. అప్పటి నుంచి మా ఆట క్యాలెండరు ముందు పెట్టుకునే మొదలవుతుంది.

చీటీలు: కుటుంబాలకు నా మొదటి ఓటు

పిల్లలు మిఠాయిల కోసం పట్టుకెళ్లే ప్లాస్టిక్ గుమ్మడికాయ బుట్ట ఒకటి, మడిచిన కాగితాలు కొన్ని. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఒక్కొక్కరు మూడు సినిమాల పేర్లు రాస్తారు. ప్రతి చీటీ మీద పేరు, సంవత్సరం, నిడివి, ఎక్కడ దొరుకుతుందో నాలుగూ ఉండాలి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. స్ట్రీమింగ్ సంస్థల జాబితాలు నెల మారేసరికి మారిపోతాయి. తీసిన చీటీలోని సినిమా ఎక్కడా దొరకకపోతే ఆట అక్కడే చప్పబడుతుంది. ట్యూబీ అనే స్ట్రీమింగ్ యాప్‌లో ప్రకటనలతో ఉచితంగా చూడవచ్చు. ఊరి లైబ్రరీ కార్డు ఉంటే చాలాచోట్ల కానోపీ అనే మరో స్ట్రీమింగ్ యాప్ ఉచితం. అదే లైబ్రరీలో డీవీడీలు కూడా అరువిస్తారు. అక్టోబరు మొదటి రోజున ఈ మూడూ తిరగేస్తే సగం జాబితా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

చీటీల పద్ధతిలో ఉన్న లోపం పైకి కనిపించదు. అందరివీ సమానంగా మూడేసి చీటీలు కదా, అన్యాయం ఎక్కడుంది అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఐదుగురు, పదిహేను చీటీలు, నాలుగు శుక్రవారాలు. మీ మూడు చీటీల్లో ఒక్కటి కూడా ఆ నాలుగు వారాల్లో బయటికి రాకపోవడానికి నూటికి 36 పాళ్లు అవకాశం ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా నెలంతా ఎదురుచూసి ఉత్త చేతులతో మిగులుతారు. ఆ మిగిలేది పదేళ్ల పిల్లవాడైతే వచ్చే ఏడాది బుట్ట వైపు రాడు.

దీనికి మందు సులువు. ఒకరి చీటీ వచ్చిన వెంటనే వాళ్ల మిగతా రెండూ పక్కన పెట్టేయండి. అందరి వంతూ అయ్యేదాకా అవి బుట్టలోకి తిరిగి రావు. ఐదుగురికి ఐదు శుక్రవారాలుంటే ప్రతివారికీ ఒక రాత్రి ఖాయం. ఎవరి రాత్రి ఎప్పుడు, వాళ్ల మూడింటిలో ఏది అన్నది మాత్రం చివరిదాకా తెలియదు. ఉత్కంఠ అలాగే ఉంటుంది, బాధ పోతుంది. 2026 అక్టోబరులో శుక్రవారాలు సరిగ్గా ఐదు.

ఇక వద్దనే హక్కు. హద్దు కాగితం ఎంత జాగ్రత్తగా రాసినా ఏదో ఒక సినిమా జారుతుంది. అందుకని మా ఇంట్లో ప్రతివారికీ నెలకు ఒక వద్దు బిళ్ల ఉంటుంది. నాలుగో తరగతిలో ఉన్న అన్నయ్య చిన్న కూతురికీ వదినకీ మాత్రం వారానికి ఒకటి. ఇది పక్షపాతమని అన్నయ్య మొదట్లో వాదించాడు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. భయం అందరికీ సమానంగా లేనప్పుడు బిళ్లలు సమానంగా పంచడమే అన్యాయం. పైగా వారం వారం బిళ్ల చేతిలో ఉందని తెలిసిన తర్వాత వదిన దాన్ని వాడింది రెండే సార్లు. వద్దన్న చీటీని మడిచి పక్కన పెట్టి మరొకటి తీస్తాం, దాని గురించి మళ్లీ మాట్లాడం.

పిల్లలున్న ఇంట్లో బుట్టలు రెండు పెట్టడం మంచిది. ఎనిమిదికి ముందు తీసేది ఒకటి, పిల్లలు పడుకున్నాక తీసేది మరొకటి. మొదటి బుట్టలోకి బొమ్మల సినిమాలు, మాంత్రికుల కథలు, నవ్వించే దెయ్యాలు. ఈ రెండూ ఎప్పుడూ కలవకుండా చూసుకోండి. రంగు కాగితాలు వాడితే పొరపాటు జరగదు.

ఇద్దరే ఉన్నప్పుడు పాచికలు

భార్యాభర్తలు, గదిలో కలిసి ఉండే ఇద్దరు స్నేహితులు, ఒక తల్లీ ఎదిగిన కొడుకూ. ఇలాంటి చోట చీటీలు రాయడం కూడా పెద్ద పనిలా తోస్తుంది. రెండు పాచికలు తీసుకుని, 2 నుంచి 12 వరకు పదకొండు అంకెల పక్కన పదకొండు సినిమాల పేర్లు రాసుకోండి. వేయండి, వచ్చింది చూడండి.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. రెండు పాచికల మొత్తం అన్ని అంకెలకూ సమానంగా పడదు. 36 రకాలుగా పడే అవకాశాల్లో 7 వచ్చేవి ఆరు, 6కూ 8కీ ఐదేసి. 2కీ 12కీ ఒక్కొక్కటే. కాబట్టి ఇద్దరికీ హాయిగా ఉండే, మధ్యస్థంగా భయపెట్టే సినిమాలను 6, 7, 8 ఎదురుగా రాయండి. నూటికి 44 సార్లు వాటిలోంచే వస్తుంది. ఒకరికి చాలా ఇష్టమై, మరొకరు ‘ఎప్పుడో ఒకసారి చూద్దాంలే’ అని వాయిదా వేస్తున్న గట్టి సినిమాను 2 దగ్గరో 12 దగ్గరో పెట్టండి. ఆ అంకె పడితే మాత్రం చూసి తీరాలి. ఎప్పుడో గానీ పడదని తెలుసు కాబట్టి భయపడేవారు ఒప్పుకుంటారు, పడే అవకాశం ఉందని తెలుసు కాబట్టి ప్రతిసారీ పాచికలు దొర్లేటప్పుడు ఇద్దరి ఊపిరీ బిగుసుకుంటుంది. హద్దును ఆట లోపలే అమర్చుకోగల పద్ధతి ఇదొక్కటే, అందుకే నాకు దీని మీద ప్రత్యేకమైన మక్కువ. ముగ్గురు దాటితే మాత్రం ఏ సినిమా ఏ అంకె దగ్గర పెట్టాలన్నదే తగువు అవుతుంది, అప్పుడు చీటీలకు వెళ్లిపోండి.

నాకౌట్: రుచి తెలిసినవాళ్లకు, తెలిసి ఆడితేనే

సినిమాలను జంటలుగా నిలబెట్టి, ఏది చూడాలో ఓటు వేసి, గెలిచినవాటిని మళ్లీ జంటలు కట్టి, చివరికి ఒక్కటి మిగిల్చే పద్ధతి ఇది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల వల్ల ఆ చెట్టు లాంటి గీతల పట్టిక ఇక్కడ అందరికీ అలవాటే. ఎన్ని సినిమాలుంటే అంతకు ఒకటి తక్కువ పోటీలు జరుగుతాయి, ఎందుకంటే ప్రతి పోటీలో ఒకటి రాలిపోతుంది, చివరికి ఒక్కటి తప్ప అన్నీ రాలాలి. ఈ లెక్క అక్టోబరుకు అచ్చం కుట్టించినట్టు సరిపోతుంది. 32 సినిమాలతో మొదలుపెడితే 31 పోటీలు, నెలకు 31 రోజులు. రోజుకొక పోటీ పెట్టి ఫోనులోనే ఓట్లు సేకరిస్తే హాలోవీన్ రోజున ఫైనల్ వస్తుంది. వేరువేరు ఊళ్లలో ఉన్న స్నేహితుల బృందానికి ఇంతకంటే మంచి నెల రోజుల కాలక్షేపం లేదు.

ఒక్క రాత్రికే అయితే ఎనిమిదికి మించి పెట్టకండి. ఏడు పోటీలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు, ఇరవై నిమిషాల్లో తేలుతుంది. పదహారు పెడితే ముప్పావు గంట. ఏ కాలయాపన తప్పించుకోవడానికి ఆట మొదలుపెట్టామో దాని దగ్గరికే తిరిగి వచ్చినట్టు. ట్రైలర్లు చూపించి ఓటు అడగడం కూడా మానండి. ఈ మధ్య ట్రైలర్లలో గుండె ఆగే సన్నివేశాలన్నీ ముందే చూపించేస్తున్నారు. పోస్టరు, రెండు వాక్యాల కథ, సంవత్సరం, నిడివి చాలు.

నాకౌట్‌లో నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన చిక్కు వేరే ఉంది. ఓటు వేస్తున్నాం కాబట్టి ఎక్కువమందికి నచ్చిందే గెలుస్తుందని అనుకుంటాం. ఒక రాత్రి మా ఇంట్లో చివరికి మూడు మిగిలాయి: 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’, 1960 నాటి ‘సైకో’, 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’. వదిన వరుస ఫ్రాంకెన్‌స్టైన్, సైకో, రాత్రి. అన్నయ్యది సైకో, రాత్రి, ఫ్రాంకెన్‌స్టైన్. కాలేజీలో చేరిన వాళ్ల పెద్దమ్మాయిది రాత్రి, ఫ్రాంకెన్‌స్టైన్, సైకో. ఇప్పుడు జంటలు కట్టి చూడండి. ఫ్రాంకెన్‌స్టైన్‌కూ సైకోకూ పెడితే రెండు ఓట్లతో ఫ్రాంకెన్‌స్టైన్ గెలుస్తుంది. సైకోకూ రాత్రికీ పెడితే సైకో గెలుస్తుంది. రాత్రికీ ఫ్రాంకెన్‌స్టైన్‌కూ పెడితే రాత్రి గెలుస్తుంది. చుట్టూ తిరిగి మొదటికే. ఏ రెంటిని ముందు ఢీకొట్టిస్తారో దాన్ని బట్టి విజేత మారిపోతుంది. మొదటి పోటీలో ఆడకుండా పక్కన కూర్చున్న సినిమాయే ప్రతిసారీ కప్పు ఎత్తుకుపోతుంది. అంటే ఓట్లు ఎవరు వేసినా, పట్టిక గీసినవారే నిజంగా ఎంచుకున్నట్టు.

కాబట్టి పట్టికను ఎవరూ చేత్తో గీయకూడదు. జంటలను చీటీలు తీసి కట్టండి. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. భయపడే మనిషి ఒక్కరే, మిగతా నలుగురూ ధైర్యస్థులు అయినప్పుడు ప్రతి పోటీలోనూ ఆ ఒక్కరు నాలుగు-ఒకటితో ఓడిపోతూనే ఉంటారు. ఏడుసార్లు వరుసగా ఓడిన మనిషి మేడ మెట్లు ఎక్కడంలో వింత ఏమీ లేదు. వదిన ఉన్న రాత్రి నేను నాకౌట్ పెట్టడం మానేశాను. హద్దు లోపలే ఆడినా సరే, ఈ ఆట మెజారిటీకి మాత్రమే స్నేహితురాలు.

బింగో: అక్టోబరు మొత్తానికి ఒకే కాగితం

ఐదు అడ్డ వరుసలు, ఐదు నిలువు వరుసలు, నడిమి గడి ఉచితం, అంటే ముందే కొట్టేసినట్టు లెక్క. మిగిలిన 24 గడుల్లో సినిమాల పేర్లకు బదులు లక్షణాలు రాస్తారు. ఆ లక్షణమున్న సినిమా చూస్తే గడి కొట్టేయాలి. ఐదు గడులు ఒకే గీతలో పడితే గెలుపు. అడ్డం, నిలువు, ఐమూల కలిపి పన్నెండు గీతలు దొరుకుతాయి. ఉచిత గడి గుండా వెళ్లే నాలుగు గీతల్లో ఏ ఒక్కదానికైనా నాలుగు సినిమాలే చాలు, అంటే వారానికొకటి చూసే సాదా కుటుంబం కూడా గెలవగలదు. మనవాళ్లు కిట్టీ పార్టీల్లో, పెళ్లిళ్లలో ఆడే తంబోలాకు ఇది దగ్గరి చుట్టమే కాబట్టి నియమాలు ఎవరికీ విడమర్చి చెప్పే పని ఉండదు.

బింగో గొప్పతనం ఏమిటంటే, భయపడేవారు తమ కార్డును తమకు నచ్చినట్టు నడిపించుకోవచ్చు. ‘నలుపు తెలుపు’ అన్న గడిని ఒకరు ఒళ్లు గగుర్పొడిచే సినిమాతో నింపితే, మరొకరు తొంభై ఏళ్ల నాటి నెమ్మదైన సినిమాతో నింపుతారు. ఇద్దరి గడీ ఒకటే, ఇద్దరూ ఆటలోనే ఉంటారు. మా కార్డులో ప్రతి ఏడాదీ ఉండే గడులు కొన్ని చెబుతాను: 1940కి ముందుది, మాటలు లేనిది, 80 నిమిషాల లోపుది, ఒకే ఇంట్లో జరిగేది, దెయ్యం అసలే లేనిది, స్త్రీ దర్శకత్వం వహించినది, మన భాషది, మనకు అస్సలు రాని భాషది, మీరు పుట్టిన ఏడాది విడుదలైనది, రీమేకు, మొదటిది చూడకుండా చూసిన రెండో భాగం.

ఈ గడులు మనల్ని మామూలుగా వెళ్లని చోటికి తీసుకెళ్తాయి. ‘మాటలు లేనిది’ కోసమే మేం 1922 నాటి ‘నాస్ఫెరాటు’ చూశాం. డ్రాక్యులా నవలను అనుమతి లేకుండా సినిమా తీశారని రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ కోర్టుకెళ్లి గెలిచారు. ప్రింట్లన్నీ ధ్వంసం చేయాలని తీర్పు వచ్చింది. అయినా కొన్ని బతికి బయటపడ్డాయి. ఉండకూడదని కోర్టు చెప్పిన సినిమాను, దాని వయసు వందేళ్లు దాటాక, మా హాల్లో సోఫా మీద కూర్చుని చూస్తున్నామన్న ఊహే నన్ను తెర మీది నీడకంటే ఎక్కువ కదిలించింది. ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ది మరో రకం అదృష్టం. సినిమా పేరు మార్చినప్పుడు కాపీరైటు ప్రకటన తెర మీద నుంచి జారిపోయింది, అప్పటి చట్టం ప్రకారం అది ఎవరైనా వాడుకోదగినదైపోయింది. ఇప్పుడు దాన్ని చూడటానికి పైసా ఖర్చు లేదు. పనిరోజు రాత్రులకు ‘80 నిమిషాల లోపుది’ అన్న గడి వరం. 1931 నాటి ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’, 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ మూడూ ఆ కొలతలో ఇమిడిపోతాయి. పదిన్నరకల్లా పడుకోవచ్చు.

ఒక నియమం మాత్రం కఠినంగా పెట్టండి: ఒక సినిమాకు ఒకే గడి. ఇది లేకపోతే తెలివైనవాళ్లు ఒకే సినిమాతో నాలుగు గడులు కొట్టేసి రెండు రాత్రుల్లో ఆట ముగిస్తారు. ఇక బింగోతో వచ్చే అసలు ప్రమాదం నెలాఖరున కనిపిస్తుంది. ఒక్క గడి మిగిలి ఉందని, అందులోకి పట్టే ఏదో ఒక నాసిరకం సినిమాను చూడటం మొదలుపెడతారు. చూడాలనుకున్న సినిమా వెనక్కి పోతుంది. ఈ కారణంగానే ‘31 రోజులు, 31 సినిమాలు’ అనే ప్రసిద్ధమైన అక్టోబరు పందెం నాకు నచ్చదు. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషికి అది రెండో వారానికి హోంవర్కు అయిపోతుంది. అన్ని గడులూ నింపే లక్ష్యం వదిలేసి ఒక్క గీతతో ఆపేయండి.

దూరాన ఉన్నవాళ్లకు బింగో బాగా కలిసివస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకూ నేనూ ఒకే కార్డు మీద ఆడతాం. అక్టోబరులో అక్కడికీ మాకూ పదిన్నర గంటల తేడా, ఒకేసారి కూర్చుని చూడటం కుదరదు. బింగోకు ఆ అవసరమే లేదు. వాడు ఉదయం కొట్టేసిన గడి ఫోటో పంపుతాడు, నేను పడుకోబోయే ముందు చూస్తాను.

ఇంకో రెండు పద్ధతులు, క్లుప్తంగా

వంతుల వారీ ఎంపిక అని ఒకటుంది. నలుగురు వరుసగా ఒక్కో సినిమా ఎంచుకుంటారు, రెండో చుట్టులో వరుస తిరగబడుతుంది, అంటే నాలుగో మనిషి వెంటవెంటనే రెండు ఎంచుకుంటాడు. నెలాఖరున ఎవరి సినిమాలకు ఎక్కువ మార్కులు వచ్చాయో చూస్తారు. పోటీ మనస్తత్వం ఉన్న స్నేహితులకు బాగుంటుంది, కుటుంబాల్లో మార్కులు మనసుకు తగులుతాయి.

రెండోది ఆట అనలేం గానీ నాకు ఇష్టమైనది. వారానికొకరు ఆతిథ్యం వహిస్తారు. సినిమా వాళ్లదే, పరిచయం వాళ్లదే, ఇష్టముంటే వేషమూ వాళ్లదే. దీని వెనుక ఇక్కడ పెద్ద చరిత్ర ఉంది. 1957లో స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ స్టూడియో పాత భయానక చిత్రాలు 52 కలిపి ‘షాక్’ అన్న పేరుతో స్థానిక టీవీ స్టేషన్లకు అమ్మింది. ఒక్కో ఊళ్లో ఒక్కో స్టేషను, శవపేటికలోంచి లేచినట్టు వేషం వేసిన వ్యాఖ్యాతను పెట్టి వాటిని ప్రసారం చేసింది. ఫిలడెల్ఫియాలోనూ తర్వాత న్యూయార్క్‌లోనూ జాన్ జాకర్లీ అలాగే పేరు తెచ్చుకున్నారు. 1978లో వచ్చిన ‘హాలోవీన్’ సినిమాలో కూడా ఆ రాత్రి పిల్లలు టీవీలో పాత భయానక చిత్రమే చూస్తుంటారు. నమ్మకమున్న ఒక మనిషి మన కోసం ఎంచి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లడంలో ఒక ధైర్యం ఉంది. వదిన ఆతిథ్యం ఇచ్చిన వారం, ఏ నిమిషంలో కళ్లు మూసుకోవాలో ముందే చెప్పి మరీ చూపించింది. మా పిల్లలు ఇప్పటికీ ఆ రాత్రి గురించే మాట్లాడతారు.

31వ తేదీ రాత్రి

అసలు పండగ రాత్రికి పెద్ద సినిమా పెట్టుకోకండి. చీకటి పడే ముందు నుంచి ఎనిమిది దాటేదాకా, వేషాలు వేసుకుని మిఠాయిల కోసం వచ్చే పిల్లలతో కాలింగ్ బెల్లు మోగుతూనే ఉంటుంది, ప్రతి ఐదు నిమిషాలకొకసారి లేచి మిఠాయిలు పంచాలి. పెద్ద సినిమాను 30నో అంతకు ముందు శుక్రవారమో చూసేయండి. ఆ సాయంత్రం పిల్లలకు అరగంట కూడా లేని ‘ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్’ లాంటి కార్టూను చాలు. 1966 నుంచి అమెరికాలో తరాలు దానితోనే పెరిగాయి. 2024లో దీపావళి కూడా అక్టోబరు 31నే వచ్చినప్పుడు మేం సినిమా జోలికే పోలేదు. గుమ్మంలో ప్రమిదలు వరుసగా వెలుగుతుంటే, మంత్రగత్తెల టోపీలు పెట్టుకున్న పిల్లలు వాటిని దాటకుండా జాగ్రత్తగా ఆగి చేతులు చాచారు.

2026కు లెక్క వేరు. 31 శనివారం వస్తుంది, ఆ అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలవాళ్లకు హాలోవీన్ రాత్రి ఒక గంట ఎక్కువ దొరుకుతుందన్నమాట. తలుపు గడియ పెట్టి, పిల్లలు పడుకున్నాక, బుట్టలో మిగిలిపోయిన చీటీల్లోంచి రెండు తీయాలని ఇప్పటికే అనుకున్నాం. రెండోది 80 నిమిషాలకు మించకూడదు. మొదటిది తీసేది వదిన.